అక్క చదువుకు నా ఏడుపు

పొద్దున మా ఫ్లాట్ల ముందు బడి బస్సు ఆగింది. ఎదురింటి చిన్నపిల్ల మెట్ల కమ్మీ పట్టుకుని శోకాలు పెడుతుంటే, వాళ్లక్క రెండు సంచులూ భుజానికి తగిలించుకుని ఓపిగ్గా నిలబడింది. "పెద్దపిల్లలు గింతే అత్తమ్మా, జిమ్మెదారీ అంతా వాళ్లదే. రెండోది మొండిగుంటది" అంది మా కోడలు. ఎక్కడో చదివిందట. నాకు చదవకుండానే తెలిసిన సంగతి. మా ఇంట్లో ఆ రెండోదాన్ని నేనే కదా.

పంతొమ్మిది వందల నలభైల్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. బాపు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. అక్క పెద్దది, తర్వాత నేను, తర్వాత చంకలో తమ్ముడు. చంకలో అంటే అమ్మ చంకలో కాదు, అక్క చంకలో. పదేళ్ల పిల్ల నడుము ఎప్పుడూ ఒక పక్కకు వంగే ఉండేది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలి కనుక అక్కకు బడి లేదు. ఇంట్లో ఉంటే కాళ్లకు అడ్డం పడతాను కనుక నాకు బడి. ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు.

ఆడపిల్లల బడి సుల్తాన్ బజార్ దగ్గర. పరదా కట్టిన ఎద్దుబండిలో ఆయా వచ్చి, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని ఎక్కించుకునేది. మొదటి రోజు ఆ చీకటి బండిని చూసి నేనెత్తుకున్న రాగం స్టేషన్ దాకా వినిపించే ఉంటుంది. వారమంతా అదే పాట. చివరికి అమ్మే విసిగి, "దీని ఏడుపు నా పానం దీస్తున్నది. అలవాటయ్యేదాంక పెద్దదాన్ని గూడ తోలుండ్రి" అంది బాపుతో. అలా అక్క, అందరికంటే తలెత్తు పొడుగ్గా, ఒకటో తరగతి చాప మీద నా పక్కన కూర్చుంది. పంతులమ్మ నాతో అక్షరాలు దిద్దిస్తుంటే, అది నేల మీద వేలితో రాసుకునేది. నాకు గుణింతం పట్టుబడేలోగా వాచకం చదివేసింది. పంతులమ్మ ముచ్చటపడి, ఓ పాత పలక ఇచ్చి పై తరగతిలో కూర్చోబెట్టింది.

ఈలోగా నాకు బడి నచ్చింది. బండి అబిడ్స్ మీదుగా పోతుంటే పరదా సందులోంచి దుకాణాల అద్దాలు, దొరసానుల టోపీలు చూడటం ఇంకా నచ్చింది. ఏడుపు మానేశాను. ఆ సాయంత్రమే అక్క నన్ను బావి పక్కకు పిలిచి, "నువ్వు ఏడుపు బంద్ జేస్తే నన్ను ఇంట్ల కూసోబెడ్తరే. జర ఏడ్వవే, నా బెల్లంముక్క ఇస్త" అంది. అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఇక రోజూ బండి చప్పుడు వినగానే కళ్లు నలుపుకుని మొదలుపెట్టేదాన్ని. బండెక్కాక మొహం తుడుచుకుని బెల్లం తినేదాన్ని.

అమ్మ మాత్రం ఎంతకాలమని ఊరుకుంటుంది? ఒకనాడు తలుపుకు అడ్డంగా నిలబడి, "ఇగ చాలు. ఇయ్యాల్టి సంది పెద్దది ఇంట్లనే ఉంటది. పిలగాన్ని ఎవరు జూస్తరు?" అంది. అక్క పలక గూట్లో పెట్టేసి తమ్ముణ్ణి చంకనెత్తుకుంది, అంతే. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఏడవడం మాటే మరిచిపోయి గుమ్మంలో బైఠాయించి, "అక్క రాకుంటే నేను గూడ పోను. అది మంచిగ చదువుతది. నేను దొంగేడుపు ఏడ్చిన" అనేశాను. వీపు పగులుతుందనుకున్నాను. అమ్మ కాసేపు అక్కనే చూసింది. తర్వాత తమ్ముణ్ణి దాని చంకలోంచి తీసుకుని, "బండి పోతది, నడువుండ్రి" అంది. ఆ రోజు నుంచి తమ్ముడి ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని వంట చేసేది.

చాలా ఏళ్లకు, అక్క ఆ బడిలోనే పంతులమ్మ అయ్యాక, నా దొంగేడుపు ముందే తెలియలేదా అని అమ్మను అడిగాను. "నీళ్లు లేని ఏడుపు తల్లికి తెల్వదా? చదువుకుంట అని అదన్నా నోరిప్పుతదేమోనని జూసిన. ఇప్పకపాయె. నువ్వడిగినవ్" అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో పెద్దదానికి ఆ అడగడమే చేతకాలేదు, నాకు అడగకుండా ఉండటం చేతకాలేదు.

అక్క పోయిన వయసును నేను ఎప్పుడో దాటేశాను. కాలం నన్ను అక్క కంటే పెద్దదాన్ని చేసింది గాని, ఈ ఇంటికి పెద్దవాళ్లెవరని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను అక్క కోసం పక్కకే చూస్తాను.