టోపీ కంటే ముందు భాష వచ్చింది

ఆ చలికాలం నాకు క్రోషే పిచ్చి పట్టింది. బతకడానికొచ్చిన ఊళ్లో, గోడాదరా అనే పేటలో మా ఒంటి గదిలో కూచుని ఫోన్లో ఒక అల్లికల గ్రూపులో చేరాను. మొదటి రోజు అక్కడి మాట ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఒకావిడ సగం అల్లిన శాలువా ఫొటో పెట్టి కింద “డబ్ల్యూఐపీ” అని రాసింది. ఏదో జబ్బనుకుని “తొందరగా తగ్గాలి” అని రాశాను. అందరూ తెగ నవ్వి, తర్వాత ఓపిగ్గా చెప్పారు. ఇంకా అల్లుతున్నది డబ్ల్యూఐపీ, పూర్తయింది ఎఫ్‌ఓ, వాడకుండా పోగేసుకున్న దారాల గుట్ట స్టాష్.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మా ఆయన మగ్గాలు నడిపే ఖాతాలో, అంటే నేత షెడ్డులో, సేఠ్ పట్టుకుపొమ్మన్న మిగులు దారం కోన్లు మా మంచం కింద నిండా ఉండేవి. వాటి ఫొటో పెట్టి “నా స్టాష్” అన్నాను. గ్రూపులోని ముంబై ఆడవాళ్లు కుళ్లుకున్నారు. నాకు గాల్లో తేలినట్టుంది. అన్నం అయిందా అని మా ఆయన అడిగితే “డబ్ల్యూఐపీ” అనేదాన్ని.

“గిదేం భాషనే, నాకు ఆకలైతుంది” అనేవాడు.

అప్పుడే మా ఆడపడుచు కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తొట్టెల నాటికి, అదే ఉయ్యాల్లో వేసే రోజుకి, పాపకు టోపీ నేనే అల్లుతాను, కొన్నది వద్దు అని చాటేశాను.

“ముచ్చట్లే గాని ఇప్పటిదాంక ఒక్కటన్న అయిపోయిందా వదినా?” అందామె.

కాలేదు. నాకు ఒక్క ఎఫ్‌ఓ కూడా లేదు. నిజం కాబట్టి చురుక్కుమంది.

టోపీ నమూనా అంతా ఇలాంటి పొట్టి అక్షరాలే. గడగడా చదివేశాను. ఆ పొగరుతోనే స్వాచ్ వదిలేశాను. స్వాచ్ అంటే ముందుగా అరచేయంత ముక్క అల్లి కొలుచుకోవడం. నమూనా లావు ఊలుకి రాసింది, నా చేతిలో ఉన్నది చీరలు నేసే సన్నదారం. తీరా చూస్తే టోపీ నిమ్మకాయకి సరిపోయింది.

“నవ్వియ్యకు వదినా, కుట్లు గుంజుతున్నయ్” అంటూ ఆడపడుచు పొట్ట పట్టుకుంది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. తొట్టెల ఎల్లుండే.

గ్రూపులో చెప్పుకుంటే “స్వాచ్ చేశావా?” అని వరసబెట్టి అడిగారు. లేదన్నాను. ఒక పెద్దావిడ మాత్రం పొట్టి మాటలన్నీ పక్కనపెట్టి, పోగులు కలిపి లావు చేసుకో, ముక్క అల్లి కొలుచుకో, భయపడకు అని రాసింది. మా ఆయన కోన్లన్నీ వరసగా నిలబెట్టి పోగులు పేనిచ్చాడు. ఈసారి బుద్ధిగా ముక్క అల్లి, కొలిచి, అప్పుడు టోపీ ఎత్తుకున్నాను.

తొట్టెల రోజు టోపీ పాప చెవుల దాకా చక్కగా దిగింది. మధ్యాహ్నానికి ఎండెక్కింది. పాపకు ఉక్కపోస్తుందేమోనని తీయబోతే ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

“జర ఉండనీ వదినా. మా అత్తోళ్లు ఇంకా రాలే. మా వదిన అల్లిందని జెప్పాలె.”