మొక్కులో కూతురు, ఫ్యాక్టరీలో కొడుకు

కర్నూలులో ఒక నర్సింగ్ స్కూలుకు నన్ను ప్రిన్సిపాల్‌గా వేసింది ఉద్యోగం చివరి ఏళ్ళలో. జూన్ నెల, కొత్త బ్యాచ్ చేరే సమయం. అంతకుముందు కడపలో వార్డు సిస్టర్‌గా, తర్వాత ట్యూటర్‌గా చాలాకాలం పనిచేశాను. ట్యూటర్ అంటే క్లాసులో పాఠం చెప్పి, అదే పాఠాన్ని రోగి మంచం పక్కన నిలబడి పిల్లల చేత చేయించే మనిషి. మా నాన్న బడిపంతులు. నన్నూ పంతులమ్మను చేయాలని పట్టుబట్టాడు. ఆయనతో పోట్లాడి నర్సింగ్‌లో చేరాను. చివరికి పాఠాలు చెప్పుకుంటూనే రిటైరయ్యాను. ఆయన బతికుంటే ఎంత మురిసిపోయేవాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సీటు ఇచ్చేముందు ఇంటర్వ్యూ ఉంటుంది. నర్సింగే ఎందుకు అని మేము అడగడం ఆనవాయితీ. సేవ చేయాలని అనడం వాళ్ళ ఆనవాయితీ. ఆ జవాబు చెప్పేది చాలాసార్లు పిల్ల కాదు, పక్కన కూర్చున్న తండ్రి. పిల్ల పైకప్పు వంక చూస్తూ ఉంటుంది. రూతు అనే అమ్మాయి కూడా అలాగే చూసింది. కాకపోతే ఆమె చూసింది ఫ్యానును. తండ్రి సేవ గురించి చెబుతుండగానే, దాని బేరింగు పోయినట్టుందని నాకు చెప్పింది. నిజంగానే పోయింది. నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది కదా అంటారేమో. మార్కులున్నాయి, తండ్రి సంతకం ఉంది. మా చేతుల్లో ఉన్న కొలతలు అవే.

వాళ్ళది బేతంచెర్ల దగ్గర పల్లె. తండ్రి పేరు ఆశీర్వాదం. కాస్త కంది చేను చేసుకుంటూ, మిగతా రోజుల్లో నాపరాళ్ళ క్వారీ పనికి పోయేవాడు. కొడుకు దానియేలు ఇంటరు పూర్తిచేసి, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు.

రెండో ఏడాదిలో రూతును మెడికల్ వార్డులో వేశాం. మింగలేని రోగికి ముక్కులోంచి కడుపు దాకా గొట్టం వేసి, దాని గుండా పాలు పోస్తారు. పోసేముందు తలవైపు మంచం ఎత్తాలి. గొట్టం కడుపులోనే ఉందో లేదో సిరంజితో లాగి చూడాలి. పోస్తున్నంతసేపూ రోగి ముఖం మీది నుంచి చూపు తిప్పకూడదు. ఒక ముసలాయనకు పాలు పోస్తూ రూతు మంచం ఎత్తలేదు, లాగి చూడలేదు. పక్క మంచం దగ్గర కఫం లాగే మిషను గరగరమంటుంటే, దానికేమైందా అని అటే చూస్తూ నిలబడింది. ఇక్కడ ముసలాయన ముఖం నల్లబడింది. స్టాఫ్ నర్సు పరుగున వచ్చి ఆయన్ను పక్కకు తిప్పి, ఊపిరికి అడ్డుపడిన పాలు లాగేసింది కాబట్టి బతికాడు.

రూతును నా గదికి పిలిపించాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మనుషుల దగ్గర తనకు ఓపిక ఉండదని, ఈ చదువు వద్దని చేరకముందే ఇంట్లో పోట్లాడానని చెప్పింది. "పంపించేయండి మేడమ్. ఇంకోసారి సచ్చిపోతారు ఎవరన్నా," అంది. ఇలాంటి తప్పు జరిగినప్పుడు ఇంటివాళ్ళను పిలిచి, పిల్లను ఉంచాలో పంపాలో ప్రిన్సిపాల్ తేల్చాలి. ఆశీర్వాదానికి కబురు పెట్టాను.

ఆయన కొడుకునూ, పక్షవాతంతో మంచాన పడిన తన తల్లినీ వెంటబెట్టుకొని ఆటోలో దిగాడు. ఎలాగూ వస్తున్నాం కదా, ముసలామెను డాక్టరుకు చూపించుకు పోదామని. వరండాలో నాకెదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. రూతు పసిబిడ్డగా ఉన్నప్పుడు వాంతులు, బేదులు పట్టుకొని ప్రాణం మీదికి వచ్చిందట. "బిడ్డ బతికితే నర్సును చేస్తామని చర్చిలో సంగమంతా ఇంటాంటే మొక్కుకుంటిమి మేడమ్. దేవునికిచ్చిన మాట యాడ పోతాది?" అన్నాడు. మా చర్చీల్లో ఇది ఉన్నదే. ఒకరు పిల్లవాణ్ణి పాస్టరును చేస్తామని మొక్కుకుంటారు, ఒకరు పిల్లను నర్సును చేస్తామని. మొక్కేది పెద్దవాళ్ళు, తీర్చేది పిల్లలు. ఇంత సులువైన మొక్కు ఇంకోటి లేదు.

ఆయన మాట్లాడుతుంటే నా కళ్ళు మాత్రం ఆటో మీదే ఉన్నాయి. దానియేలు తన జేజిని, అంటే నాయనమ్మను, దించుతున్నాడు. పడిపోయిన చెయ్యి వైపు నిలబడ్డాడు. తువ్వాలు ఆమె నడుముకు చుట్టి పట్టుకున్నాడు. "జేజీ, ఇప్పుడు లేపుతాండా. ఇప్పుడు తిప్పుతాండా," అని ప్రతిదీ ముందే చెప్పి చేశాడు. ఇది నేను క్లాసులో బొమ్మలు గీసి నేర్పే పాఠం. సగంమంది పరీక్షలో రాస్తారు, మంచం దగ్గర మరిచిపోతారు. వీల్‌చైర్ చక్రం ఇరుక్కుంటే, రూతు నేల మీద చతికిలబడి తండ్రి తాళంచెవితో దాన్ని సరిచేస్తోంది. అంత ఓపిక ఆమె ముఖంలో వార్డులో ఒక్కనాడూ చూడలేదు. ఇంట్లో నర్సు ఉన్నాడు, మెకానిక్కు ఉంది. ఇద్దరినీ తారుమారు చేసి, పైగా దేవుడి పేరు చెబుతున్నాడు ఈ మహానుభావుడు.

ముసలామె వీపు తిప్పి చూశాను. అన్నాళ్ళు మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు లేదు. ఎవరు చూసుకుంటారని అడిగాను. "వాడే. ఆడంగి పనులన్నీ వానికే కావాల," అని తండ్రి నవ్వాడు.

నాకు నోరు ఊరుకోదు. "ఏమప్పా, దేవుడు నీ కూతుర్ని బతికించాడు సరే. ఆమె చేతిలో పడే రోగిని ఎవరు బతికించాలి?" అన్నాను. ఆమెను తీసుకుపొమ్మని, మిషన్ల చదువులో వేయమని, మొక్కు అంతగా బాధపెడితే ఆమె చేత ఆసుపత్రి మిషన్లే బాగుచేయించమని చెప్పాను. తండ్రి వద్దనేలోపే రూతు హాస్టలుకు పోయి పెట్టె తెచ్చేసుకుంది. ఆమెతో వేగడం తండ్రి తరం కాదని అప్పుడే తెలిసింది.

తర్వాత, దానియేలును నాకివ్వమన్నాను. మగపిల్లలనూ చేర్చుకుంటామని, ఈ ఏడు సీటుందని, వయసు కూడా సరిపోతుందని చెప్పాను. ఆశీర్వాదం ముఖం మాడిపోయింది. "మగోడు మేడమ్ వాడు. పక్కబట్టలు మార్సే పనికి పంపితే, వానికి పిల్లనెవురిస్తారు?" అన్నాడు. నీకేమి ఇష్టమని దానియేలునే అడిగాను. అతను జేజి తువ్వాలు మడతపెడుతూ, కళ్ళెత్తకుండా, "నాయన చెప్పినట్ల మేడమ్," అన్నాడు. ఒక్క మాట, చేరతానని ఒక్క మాట అంటే నేను ఆ తండ్రితో పోట్లాడేదాన్ని. అనలేదు. నాకు వాడి మీద తండ్రి మీద వచ్చినంత కోపం వచ్చింది.

రూతు ఇప్పుడు కడపలో ఆసుపత్రుల మిషన్లు బాగుచేస్తుంది. నాకు ఫోన్ చేస్తే పాడైన మిషన్ల కబుర్లే చెబుతుంది, రోగుల ఊసు ఎత్తదు. సుఖంగా ఉంది.

రిటైరయ్యాక ఒకసారి నా మోకాళ్ళు చూపించుకోవడానికి ఆ ఆసుపత్రికే పోతే, మెడికల్ వార్డులో ఆశీర్వాదం కనిపించాడు. తల్లికి వచ్చినట్టే పక్షవాతం. మాట ముద్దగా వస్తోంది. దానియేలు పక్కనే ఉన్నాడు. ఫ్యాక్టరీలో బండల మీద పారే నీళ్ళలో నాని, ఆ సున్నపు బురదలో పగిలి, అతని చేతులు గరుకుదేలాయి. తండ్రిని తిప్పేముందు వాటికి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు, ఆయన ఒంటికి గీసుకోకుండా. ఫ్యాక్టరీ ఎలా ఉందని అడిగితే, "పోతాండా మేడమ్," అన్నాడు, అంతే.

ఆశీర్వాదం నన్ను గుర్తుపట్టి, పక్క మంచాల వాళ్ళకు వినబడేలా చెప్పాడు. "మా వాడు శానా బాగా చూస్తాండాడు మేడమ్. అచ్చం నర్సు లెక్కన."

"ఆ 'లెక్కన' దగ్గరే ఆపేసింది నువ్వే," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. దానియేలుకు అయింది. చేతులకు ఇంకాస్త నూనె రాసుకొని, తండ్రిని జాగ్రత్తగా ఎడమవైపుకు తిప్పాడు.

ఆ ఇంటిని చూశాక నేను తెలుసుకున్నది ఇది. పిల్లల బతుకును ఇల్లు ఎటు తోసినా, మొండివాళ్ళు ఎలాగో తమ పని దగ్గరికి చేరుకుంటారు. మెత్తనివాళ్ళు తోసిన చోటే ఉండిపోతారు. నర్సు పనికి కావలసింది ఆ మెత్తనివాళ్ళే.