పిన్ని పాదాలకి పసుపు

మా స్కూల్లో స్టాఫ్‌రూములో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను రాగానే ఆపేసేవారు. నేను లెక్కల టీచర్ని. ఎప్పుడు, ఎక్కడ, నువ్వు స్వయంగా చూశావా, ఎవరో చెప్తే విన్నావా అని వరసగా అడిగి కథంతా పాడుచేసేదాన్ని. పోయినవాళ్ళు తిరిగి రారని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ దాదాపు నమ్మకమే. ఆ 'దాదాపు' ఎందుకు వచ్చి చేరిందో చెప్తాను.

ఇది నిడదవోలులో, మా ఇళ్ళల్లోకి ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజుల్లో జరిగింది.

మా అమ్మ పేరు సత్యవతి. అమ్మకి ఒకే ఒక్క స్నేహితురాలు, రామలక్ష్మి. ఒకటో తరగతిలో పక్కపక్కన కూర్చున్నారు, పెళ్ళిళ్ళయి ఇద్దరూ ఒకే ఊరికి కాపురానికొచ్చారు, ఇక విడిపోయింది లేదు. నేను ఆవిడని పిన్నీ అనేదాన్ని. బాబాయిగారు రైల్వేలో పనిచేస్తూ రిటైరవకముందే పోయారు. పిల్లల్లేరు. రైలు గేటు అవతల చిన్న ఇల్లు. ముందు గది బట్టలు కుట్టే ఒకావిడకి అద్దెకిచ్చి, వెనక గదుల్లో పిన్ని ఉండేది.

బాబాయిగారు పోయాక పిన్నిని పేరంటాలకి పిలవడం మానేశారు. అది మామూలే కదా, ఎవరూ దాని గురించి పెద్దగా ఆలోచించరు. మా అమ్మ ఆలోచించింది. వరలక్ష్మీ వ్రతం రోజు ముత్తయిదువలందరికీ హాల్లో వాయనాలిచ్చి పంపించేశాక, పిన్నిని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసేది. పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళకి పసుపు రాసి, నానబెట్టిన శనగలు, తాంబూలం, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టేది. భర్త పోయిన మనిషి కాళ్ళకి పసుపేమిటని మా మేనత్తకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేసేది. లోపల వీళ్ళిద్దరికీ మాత్రం ఒకటే నవ్వులు. తర్వాత పిన్ని పెరట్లో కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, ఎవరికీ తెలియకుండా ఇంటికి వెళ్ళిపోయేది. అలా పన్నెండేళ్ళు సాగింది.

అమ్మ ఆఖరి రోజులు రాజమండ్రిలో ఆసుపత్రిలో గడిచాయి. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "శ్రావణంలో దానికి వాయనం మానకే. నేను పోతే దానికిచ్చే దిక్కుండదు" అంది. మాననన్నాను. ఒట్టు పెట్టమంది. పెట్టాను.

శివరాత్రి వెళ్ళిన వారానికి అమ్మ పోయింది.

పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటి ఏటి సూతకం ఉండదు గనక, ఆ శ్రావణంలో అదే ఊళ్ళో ఉన్న మా అత్తవారింట్లో వ్రతం మామూలుగానే చేసుకోమన్నారు మా అత్తగారు. ముందురోజు ఎవరెవర్ని పిలవాలో అనుకుంటుంటే పిన్ని పేరు చెప్పాను. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ గొంతు పెంచడం కూడా నేనెప్పుడూ వినలేదు.

"ఆవిడ మంచావిడేనమ్మా, నాకు మాత్రం తెలీదా? శుభమా అని పూజ చేసుకుంటూ ఇప్పుడెందుకు చెప్పు? తరవాత పళ్ళో కాయలో పట్టుకెళ్ళి ఇద్దువుగాని" అన్నారు.

నేను వాదించాల్సింది. స్కూల్లో హెడ్మాస్టరుతోనే వాదిస్తాను. ఇంట్లో మాత్రం సరేనండి అన్నాను.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి పూజకి కూర్చున్నాను. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా పేరంటాళ్ళు వస్తూనే ఉన్నారు. నేను ఇల్లు కదల్లేదు. వాయనం పుచ్చుకున్న తొమ్మిదిమందీ, మా అత్తగారూ దీనికి సాక్ష్యం. ఎవరి కాళ్ళకి పసుపు రాస్తున్నా నాకు అమ్మ మంచం కళ్ళ ముందుకొచ్చింది. అన్నం సయించలేదు. సాయంత్రం రెండుసార్లు చెప్పులేసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను? ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు.

మర్నాడు స్కూలు ఒంటిపూట. అటునుంచి అటే రైలు గేటు దాటి వెళ్ళాను. సంచిలో అరడజను యాపిల్ పళ్ళు. అత్తగారు చెప్పిన ఆ పళ్ళే. నా మీద నాకే అసహ్యం వేసింది.

పిన్ని మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుంది.

"నిన్ననేగా వచ్చి వెళ్ళావు, మళ్ళీ వచ్చావా తల్లీ!"

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ కాళ్ళు చూశాను. రెండు పాదాలకీ పసుపు. మడమల దాకా పట్టించి ఉంది, వేళ్ళ సందుల్లో ఎండి పెచ్చులు కట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిన్నికి మోకాళ్ళు అరిగిపోయి అప్పటికి రెండేళ్ళు. వంగలేదు. కాలిగోళ్ళు కూడా ముందు గదిలో ఉండే కుట్టుపనావిడే తీసేది. ఆ పాదాలకి తనంతట తాను పసుపు రాసుకునే వీల్లేదు.

పక్కన స్టూలు మీద గిన్నెలో శనగలు, అప్పుడే మొలక చూపిస్తున్నాయి. తమలపాకులు వాడిపోయాయి. కొత్త జాకెట్టు గుడ్డ మడత విప్పకుండా ఉంది.

"నేను నిన్న ఎప్పుడొచ్చాను పిన్నీ?"

"పదకొండింటప్పుడు కాదూ? ఈ కళ్ళు ఆనక గుమ్మంలో పోల్చుకోలేదు గానీ, దగ్గరికొచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాక తెలిసింది. వాయనం పట్టుకుని ఇంకెవరొస్తారు? ఎంతసేపు రాశావే పసుపు! మీ అమ్మలాగే అరికాలు గిల్లావు కూడానూ."

నేను మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను. పిన్ని గొంతు తగ్గించి నవ్వింది.

"అది సరేగానీ, పిన్నిని పట్టుకుని ఏమే అంటావా? 'ఏమే, కాళ్ళిలా పెట్టు' అన్నావు. నాకు కోపం రాలేదులే. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో."

మావైపు పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పిన్ని వరస మనిషిని కల్లో కూడా ఏమే అనం. ఆవిడని ఆ మాట అనగలిగిన మనిషి ఒక్కతే ఉండేది.

పిన్ని నా తల నిమిరింది. "అమ్మకిచ్చిన మాట నిలబెట్టావు. మొగుడు పోయాక నన్ను మనిషిలా చూసింది మీ అమ్మ, ఇప్పుడు నువ్వు. ఈసారి కాళ్ళు కడుక్కోబుద్ధి కాలేదే."

అప్పుడైనా చెప్పాల్సింది. నేను రాలేదు పిన్నీ, భయపడి మానేశాను అని ఒక్క ముక్క. నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను.

వస్తూ వస్తూ కుట్టుపనావిడని అడిగాను. "పసుపా? మేం చర్చికెళ్ళేవాళ్ళమండి, ఆ పూజలవీ మాకు తెలీవు. మిషన్ మీద ఉన్నాను, మీరు పక్క సందులోంచి వెళ్ళుంటారు, చూళ్ళేదు. నవ్వులు మాత్రం వినపడ్డాయండి, ఇద్దరివీనూ" అంది.

ఇంటికొచ్చి బీరువా తీశాను. డజను జాకెట్టు గుడ్డలు కొన్నాను, తొమ్మిది ఇచ్చాను, మూడు ఉన్నాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. తర్వాత నెల రోజులు ఏదో ఒక వంకతో పిన్ని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి ఆరా తీశాను. ఎవరూ వెళ్ళలేదన్నారు. ఎవరో పుణ్యాత్మురాలు వెళ్ళి, ఒప్పుకోవడానికి జంకి ఉండొచ్చు. ఆ మాటా ఆలోచించాను. అలా వెళ్ళిన మనిషి ఏమే అని ఎందుకంటుందో మాత్రం తేలలేదు.

వచ్చే ఏడాది అత్తగారు ఏమన్నా సరే, పిన్నిని హాల్లో అందరి మధ్యా కూర్చోబెట్టి వాయనం ఇవ్వాలనుకున్నాను. ఆ చలికాలంలోనే పిన్ని పోయింది. పోయేదాకా కనపడిన వాళ్ళందరికీ నా గురించి గొప్పగా చెప్పింది. నా ముందే చెప్పేది. నేను తల వంచుకుని వినేదాన్ని.

ఆ శుక్రవారం ఆవిడ గుమ్మంలోకి వచ్చింది ఎవరో నేను ఇవాళ్టికీ చెప్పలేను. రానిది మాత్రం నేను.