మా అన్న రాశాడనుకున్న నవల

నా మొదటి నవల అచ్చయ్యే ముందు జరిగిన ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాస్తున్న కాలం కదా. నేను పంపిన నవల చదివి, మద్రాసు నుంచి ప్రచురణకర్త తరఫు మనిషి ఒకాయన కావలిలో రైలు దిగి మా ఇంటికి వచ్చారు. నేను తలుపు చాటునే నిలబడ్డాను.

"నిజం చెప్పండి. చెల్లెలి పేరు పెట్టి మీరే రాశారు కదూ?" అని ఆయన మా అన్నను అడిగారు.

"నేనా సార్? కార్డు ముక్క రాయాలన్నా నాకు చెమటలు పడతాయి."

ఆయన నమ్మలేదు. నాకూ ఆయన మీద నమ్మకం కుదరలేదు. నా కాగితాల కట్ట ఆయన సంచిలో ఉంది. అది ఇంకెవరి పేరుతోనో అచ్చవుతుందేమోనని భయం వేసింది.

"పోనీండి. నవల చివర్లో ఆ జాలరి పిల్లను చంపేస్తే పాఠకులు బాగా ఏడుస్తారు. మార్చేదా?"

"దాందేముంది సార్, చంపేయండి," అన్నాడు అన్న.

"చంపబాకండి," అంటూ నేను బయటికి వచ్చేశాను. "ఆ పిల్ల బతకాలనే అంతా రాసినాను. చంపేటట్టయితే నా కాగితాలు నాకిచ్చేయండి."

నవల ఒక్క ముక్క మారకుండా అచ్చయింది. ఆ రోజు తలుపు చాటునే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన్ను మళ్లీ చూడలేదు. గుమ్మం దిగుతూ నాతో అన్నదే ఆఖరి మాట:

"రాసింది మీరేనమ్మా. మీ అన్నయ్య అయితే చంపనిచ్చేశాడు."