అప్పన్న పాక మీద వెలుగు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరు నెలలో, నన్ను ట్రాన్స్‌మిషన్ లైన్ల విభాగంలో అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరుగా శ్రీకాకుళం తీరానికి బదిలీ చేశారు. ఇళ్లకు కరెంటు ఇచ్చే స్తంభాలతో మాకు సంబంధం లేదు. ఒక సబ్‌స్టేషన్ నుంచి మరో సబ్‌స్టేషన్‌కు విద్యుత్తు మోసే పెద్ద టవర్లు మా బాధ్యత. నౌపడ ఉప్పు మడుల మీదుగా వెళ్లే లైను నా పరిధిలో ఉండేది.

నేను చేరిన క్రైస్తవ సంఘంలో దావీదు డీకను, అంటే పరిచారకుడు. ఉప్పు మడులు కౌలుకు చేసేవాడు. ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచి, తెల్లవారుజామున మంచులో నీలి వెలుగు ఒకటి ఆకాశంలో నిలబడుతోందని చెప్పాడు. అది పాములా బుసకొడుతుందట, ఒకచోట ఆరి మరోచోట లేస్తుందట. ఎక్కువగా నిలిచేది మడుల కాపలాదారు అప్పన్న పాక మీదనట.

కాలేజీ కుర్రాళ్లు ఫోనులో తీసిన వీడియో చూపించి, అది వేరే గ్రహం వాళ్ల వాహనమన్నారు. దావీదు పరలోకం నుంచి పడద్రోయబడిన దూతల పని అన్నాడు. ఊళ్లో మిగిలినవాళ్లు చిల్లంగి అన్నారు, అంటే చేతబడి. దావీదు మనవరాలికి అప్పటికి చాలా రోజులుగా జ్వరం తగ్గడం లేదు. అందువల్ల ఆయన మాట, ఊరి మాట ఒకటైపోయాయి. దురాత్మను పిలుస్తున్నది అప్పన్నేనని తేల్చేశారు.

మందిరం బయట ఒకాయన నాతోనే అన్నాడు: “దూతలో దెయ్యాలో మీరు మీరు తేల్సుకోండి బాబూ. వచ్చే ఆదివారంలోగా ఆడు పాక ఇప్పేసి ఎలిపోవాల. నేకపోతే పళ్లు రాలగొట్టేస్తాం.”

పళ్లు లేనివాడి నోట మంత్రం పలకదని ఆ ప్రాంతంలో ఒక నమ్మకం. అది వట్టి బెదిరింపు కాదని నాకు తెలుసు.

నేను అప్పన్నను కలిశాను. డెబ్బై దాటిన మనిషి. “నాను రమ్మన్నానా బాబూ ఆ ఎలుగుని? నాకే బయమేస్తంది. నాకంత సత్తువే ఉంటే ముందు నా మోకాళ్ల నొప్పి పోగొట్టుకోనా?” అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున దావీదును వెంటబెట్టుకుని అక్కడ నిలబడ్డాను. చేయి చాస్తే కనపడనంత మంచు. తల ఎత్తితే నిజంగానే ఊదా కలిసిన నీలి వెలుగు, దానితోపాటు బుస. ఆ చప్పుడు వినగానే నాకు అర్థమైంది.

“అది టవరు మీద ఉంది, దావీదూ.”

“టవరేదీ? ఏటీ అగుపడ్డం నేదు కదా!”

నిజమే, టవరును మంచు మింగేసింది. నేను వివరించాను. టవరుకు తీగను వేలాడదీసే పింగాణీ డిస్కుల మీద సముద్రపు గాలికి ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు మంచుకు తడిస్తే, దాని మీదుగా కరెంటు పాకి మెరుస్తుంది, బుసకొడుతుంది. అది లైను ఆగిపోయేంత లోపం కాదు గనక సబ్‌స్టేషన్‌లో నమోదు కాదు. ఎండ రాగానే ఆరిపోతుంది గనక పగలు తిరిగే మా లైన్‌మెన్‌కు కనపడదు.

“మరి ఇన్నేళ్లూ ఎందుకు రాలేదు?” అన్నాడు దావీదు. న్యాయమైన ప్రశ్న. ఏటా కార్తీకంలో పడే వానలు ఆ డిస్కులను కడిగేవి, ఆ ఏడు వానలు పడలేదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “సదువుకున్నోలు దేనికైనా ఏదోటి సెప్తారు బాబూ.”

డిస్కులు తుడవాలంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. అంటే లైను ఆపి, మళ్లీ మేము చెప్పేదాకా వెయ్యబోమని సబ్‌స్టేషన్ వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చే హామీ. మామూలుగా ఎండెక్కాక తీసుకుంటాం. ఈసారి మంచు ఉండగానే ఇమ్మని కోరి, ఊరివాళ్లను రమ్మన్నాను. అందరూ చూస్తుండగా ఫోను చేశాను. అవతల లైను ఆపారు. బుస ఆగింది, వెలుగు ఆరిపోయింది.

మంచులోంచి ఒక ఆడమనిషి గొంతు వినపడింది: “అమ్మో, ఈ ఇంజినీరు బాబు అప్పన్నకంటే పెద్ద చిల్లంగోడే!”

నా రుజువు అంతటితో సరి.

మంచు వీడాక తీగలకు ఎర్తింగ్ చేసి, మనుషులు టవర్లెక్కి తడిగుడ్డలతో డిస్కులు తుడిచారు. పని సబ్‌స్టేషన్ వైపు నుంచి మొదలుపెడతాం. అప్పన్న పాక దాటేసరికి మాకిచ్చిన గడువు ముగిసింది. మనుషులందరూ దిగారని చూసుకుని లైను తిరిగి అప్పగించాను. దావీదు మడుల మీది టవర్లు మిగిలిపోయాయి. కావాలనే వదిలారా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు, పని వరుస అది.

మరుసటి తెల్లవారుజామున అప్పన్న పాక మీద చీకటి. వెలుగు దావీదు మడుల మీద నిలబడింది, బుసకొడుతూ. జనమంతా దావీదు వైపు తిరిగారు.

“ఏటల్లుడా,” అన్నాడు అప్పన్న, “నాకు సెప్పకుండా ఎప్పుడు నేర్సీసినావు?”

అందరూ నవ్వారు. దావీదు నవ్వలేదు. ఆ చూపులు తన మీద పడ్డప్పుడు ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినట్టుంది. “మావా, నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు,” అన్నాడు చివరికి. ఆ రోజే మనవరాలిని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, పొరుగువాడి మీద తెలియక అబద్ధ సాక్ష్యం పలికానని రెండు మాటల్లో చెప్పి కూర్చున్నాడు.

ప్రవక్తలు చూసిన అగ్ని చక్రాలను నేను నమ్ముతాను. దూతలున్నారని నమ్ముతాను, పడిపోయినవారూ ఉన్నారు. కానీ ఆ ప్రవక్తలెవరూ తాము చూసిన వెలుగుకు పక్కింటివాణ్ని కారకుణ్ని చెయ్యలేదు. వెలుగుకు కారణం ఆలస్యంగా దొరికినా నష్టం లేదు. దొరికేలోగా దాని కింద ఉన్న మనిషిని కారణం చెయ్యకూడదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

ఆ నెలలోనే, మా లైను లేని చోట, సముద్రం మీద ఇంకో వెలుగు చూశాను. పడవ దీపమో, మరేదో, ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్లకు తెలియదనే చెప్పాను. దాని కింద ఎవరి పాకా లేదు.