ఇంట్లో ఐదో తరగతి

పందొమ్మిది వందల ఎనభై ఆరు జూన్‌లో, నాచారంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక రెండు గదుల ఇంట్లో బడి మొదలైంది. పంతులమ్మ లక్ష్మీనర్సమ్మ. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించి పెళ్లి చేస్తే జనగామ నుంచి ఇక్కడికి కాపురానికొచ్చిన మనిషి. విద్యార్థిని ఆమె ఒక్కగానొక్క కూతురు తారామణి. ఆ పిల్లకు కీళ్ల జ్వరం వచ్చి గుండెదాకా పాకింది. ఏడాదిపాటు మెట్లెక్కించొద్దు, బడికి పంపొద్దని దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. తారామణి చదివే బడి పెద్ద పంతులమ్మ మంచిదే. ఇంట్లోనే ఐదు చదివించండి, వచ్చే జూన్‌లో పరీక్ష పెడతాను, అన్నిట్లో పాసైతే తోటి పిల్లలతో ఆరులో కూర్చుంటుంది, లేకపోతే మళ్లీ ఐదే అంది. మళ్లీ ఐదే అనేసరికి తారామణి ముఖం ఇంత చిన్నదైపోయింది.

తండ్రి భూషణం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. మనిషినీ మెషీన్‌నూ ఒక్క నిమిషం ఖాళీగా ఉండనివ్వకుండా షిఫ్టు చార్టు వేయడంలో ఘనుడు. ఆ ఘనతంతా కూతురి మీద చూపించాడు. స్కేలూ ఎర్ర పెన్సిలూ పట్టుకుని ఆరు సబ్జెక్టులకు ఆరు గళ్లు గీసి గోడకు అంటించాడు. నర్సమ్మ కూడా తక్కువేం తినలేదు. పూజ గంట తెచ్చి పీరియడు పీరియడుకూ మోగించింది. ఉన్నది ఒక్క పిల్ల, దానికి పొద్దున్నే హాజరు పిలవడమొకటి!

వారం తిరిగేసరికి గంట మోగితే చాలు, పిల్లకు కడుపునొప్పి. వేషాలనుకుంది నర్సమ్మ. ఒకరోజు దేవుడికి హారతిస్తూ గంట కొట్టింది. మంచం మీద నిద్రపోతున్న తారామణి ఉలిక్కిపడి లేచి, కళ్లయినా సరిగా తెరవకుండా పుస్తకం కోసం తడుముకుంది. నర్సమ్మ గంట కింద పెట్టేసింది. ఇంత చిన్న ప్రాణాన్ని ఏం చేస్తున్నానని తన మీద తనకే కోపమొచ్చి, గోడ మీది కాగితం పీకి పారేసింది.

"తెలుగు, లెక్కలు. గీ రెండే చెప్త. గవి కుదురుకున్నంకనే మూడోది," అంది సాయంత్రం భర్తతో.

"గట్లయితే ఏడాదిల అంత ఎట్లయితదే?" భూషణం గొంతులో నిజంగానే భయముంది.

"అయితది. జర ఓపిక పట్టుండ్రి. ఆకలైతే అదే అడుగుతది."

అడగలేదు. బోనాలు పోయాయి, వినాయకచవితి పోయింది. పిల్ల కథలు చదివి పకపకా నవ్వుతోంది, చిక్కుడు గింజలు కుప్పలు పోసి భాగహారాలు చేస్తోంది, ముఖంలో కాస్త కళొచ్చింది. మూడో పుస్తకం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. పైకి ధీమాగా తిరుగుతున్నా నర్సమ్మకు లోపల ఒకటే గుబులు. నా మొండితనంతో దాని ఏడాది మింగేస్తున్నానా అనుకునేది.

బతుకమ్మ రోజుల్లో ఒకనాడు తారామణికి సూదిమందు వేయించి, తల్లీకూతుళ్లు రిక్షాలో వస్తున్నారు.

"అమ్మా, సూది నడుముకు గుచ్చిన్రు గద. మందుకు గుండెకాడికి తొవ్వ ఎట్ల తెలుస్తది?"

నర్సమ్మకు రిక్షాలోనే ఎగిరి గంతేయాలనిపించింది. "ఇంటికి పోయి పుస్తకంల సూద్దాం పా," అంది, ఏమీ పట్టనట్టు.

సైన్సు అలా వచ్చింది. సైన్సు మొదలైన వారం లెక్కలు సగానికి తగ్గించింది. కొత్తది కాస్త అలవాటయ్యాక పాతది మళ్లీ పెంచింది. తర్వాత గూడ్సుబండ్ల వంతు. కిటికీలోంచి డబ్బాలు చూసీ చూసీ, ఇవన్నీ ఏ ఊళ్ల నుంచి వస్తున్నాయని తారామణి అడిగింది. భూషణం ఉప్పల్ చౌరస్తాలో భారతదేశం పటం కొనుక్కొచ్చి, టైంటేబులు ఉన్నచోటే అంటించడంతో సాంఘికశాస్త్రం మొదలైంది. ఆ డబ్బాల మీది హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ హిందీ కూడా వెనకే వచ్చేసింది.

మిగిలింది ఇంగ్లీషు. చలికాలం వెళ్లిపోయింది. భూషణం అడిగినప్పుడల్లా నర్సమ్మది ఒకటే జవాబు. "ఇంక టైం రాలే. పిల్ల కుదురుకోనీయుండ్రి."

చివరికి పిల్లే అడిగింది. "అమ్మా, ఇంగ్లీషెప్పుడు?"

"నువ్వింక కుదురుకోవాలె బిడ్డా."

"నేను ఎప్పుడో కుదురుకున్ననే. నీకు భయమైతుందా?"

పిల్లకు సమయం రాలేదని నర్సమ్మ ఇంటాయనను నమ్మించింది, తననూ నమ్మించుకుంది. తీరా చూస్తే భయం తనది. ఎనిమిదిలో వదిలేసిన ఆ భాషలో తన పేరు రాయడానికి కూడా ఆమెకు చేయి తిరగదు.

"అవును బిడ్డా. నాకు రాదు," అంది. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

తారామణి మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది. "రా, ఇద్దరం నేర్సుకుందాం."

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీ నుంచి రాగానే భూషణం ఇద్దరికీ పాఠం చెప్పేవాడు. పాఠం అప్పజెప్పమని ముందు నర్సమ్మనే లేపేవాడు, కావాలనే. ఆమె తడబడితే తారామణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వుతూనే పక్కనుంచి అందించేది.

జూన్‌లో పరీక్ష రాసింది. అన్నిట్లోకీ ఇంగ్లీషులోనే మార్కులు తక్కువ, అయినా గట్టెక్కింది. కొత్త రిబ్బన్లు కట్టుకుని ఆరో తరగతిలో తన జట్టు పిల్లల మధ్య కూర్చుంది. డాక్టరు కూడా మెల్లగా నడిచి వెళ్లొచ్చన్నాడు. ఇంట్లో నర్సమ్మకు పొద్దు గడవడం కష్టమైంది. వంటయ్యాక ఆ ఇంగ్లీషు పుస్తకమే తీసి మొదటి నుంచి మళ్లీ చదువుకునేది.

"నేను పది ప్రైవేటుగ రాస్త," అంది ఒక సాయంత్రం, బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే.

భూషణానికి సంతోషం పట్టలేదు. అప్పటికప్పుడు స్కేలు, ఎర్ర పెన్సిలు వెతికి కాగితం పరిచాడు. రెండు గళ్లు గీసి మూడోదానికి స్కేలు జరిపాడు. అప్పుడే బడి నుంచి వచ్చిన తారామణి సంచి కింద పడేసి, ఆయన చేతిలోంచి పెన్సిలు లాగేసుకుంది.

"నాయినా, ఆగు. అమ్మకు ముందుగాల రెండే," అంది. "మూడోది అమ్మనే అడుగుతది."