రైలాస్పత్రి సూదిమందు

మొన్న మా మనవరాలు ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి, కొత్త ఉద్యోగం సంగతి పక్కన పెట్టి ముందుగా ఫోను పట్టుకుని కూర్చుంది. పాత కంపెనీ వాళ్ళు ఉద్యోగులందరికీ కలిపి చేయించిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుందట, గడువులోపల అడిగి సొంత డబ్బుతో కొనసాగించుకోకపోతే నా ఆస్పత్రి ఖర్చులకు దిక్కుండదట. ఆ పిల్ల అవతలివాళ్ళతో వాదిస్తూంటే నేను చిక్కుడుకాయల ఈనెలు తీయడం మరచి అట్లాగే కూర్చుండిపోయాను. ఉద్యోగం పోతే వైద్యమూ పోతుందనే మాట నాకు కొత్త కాదు. నా ఈడువాళ్ళలో రైలు క్వార్టర్లలో పెరిగినవాళ్ళుంటే మీకూ కొత్త కాకపోవచ్చు.

మేముండింది రాజంపేటకు దగ్గర్లోని ఒక రైలు కాలనీలో. నాయన ఇంజను డ్రైవరు. ఎండాకాలమొస్తే ఉడికిపోయే ఆ క్వార్టరులో మాకున్న ఒకే ఒక భాగ్యం రైలాస్పత్రి, అక్కడ డ్రైవరు పెళ్ళాంబిడ్డలకు ఊరికే మందులిచ్చేవారు. అమ్మకు గుండెజబ్బు. ఒళ్ళంతా నీరు పట్టి, కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేది. వారం వారం ఆస్పత్రిలో ఒక సూది వేసేవారు, దాంతో నీరు దిగిపోయి మళ్ళీ మామూలు మనిషై, చెనక్కాయల పొడి దంచుకుంటూ మామీద కేకలేసేది. ఆ కేకలు వినబడితే ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాయన కంటిపరీక్షలో తప్పాడు. దూరాన ఉన్నది ఎర్రదీపమో పచ్చదీపమో తేల్చుకోలేని మనిషికి ఇంజను అప్పగించరు గదా, పనిలోనుంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చేసి రాజంపేటలో ఒక బాడుగింట్లో దిగాము. ఇల్లు పోయినందుకు ఎవరమూ అంతగా దిగులుపడలేదు, పోయిందల్లా అమ్మ సూది. యుద్ధకాలంలో ఆ మందు బయట దొరకడమే గగనం, దొరికినా మాబోటివాళ్ళకు అందేది కాదు. నెల తిరిగేసరికి అమ్మ మళ్ళీ గోడకానుకుంది.

మా అన్నకు అప్పటికే కర్నూలు దిక్కున ఒక జంక్షన్లో రైలు పని దొరికింది. తల్లిని తన కింద చేర్పించుకోవచ్చునా అని, ఎవరి సంగతో అన్నట్టుగా అక్కడి ఆస్పత్రి గుమాస్తాను అడిగితే, తల్లి విధవరాలైతేనే కొడుకు లెక్కలోకి వస్తుంది, మొగుడున్న ఆడదాని బాధ్యత మొగుడిదే అని చెప్పాడట. ఆ మొగుడికి ఉద్యోగం ఉందా ఊడిందా అనేది ఎవరికీ పట్టలేదు. ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ ఇప్పటికీ తలుచుకుంటే నా నోట మంచి మాట రాదు.

అన్న వచ్చి ఈ సంగతి చెప్పిన పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. చివరికి నాయనే అన్నాడు, "నేనుండాననే కదా నీకు మందు ఇయ్యనిది. నేను లేననుకోని పో. ఆడ నన్నెవురూ ఎరగరు." అమ్మ ఆయన వైపు చూడకుండా, "సచ్చేదేదో ఈడనే సస్తా, ఆ మాట మాత్రం ఇంగొకసారి అనాకు" అంది.

కొన్నాళ్ళు పట్టుబట్టింది గానీ ఆమె ఒళ్ళు ఆ పట్టుదలను సాగనియ్యలేదు. తోడుగా నన్ను పెట్టి నాయన మమ్మల్ని రైలెక్కించి తనూ ఎక్కాడు. జంక్షనుకు ముందు స్టేషన్లో ఆయన దిగిపోవాలి గనుక, అక్కడ బండి ఆగగానే తువ్వాలు కొన తడిపి అమ్మ నొసటి బొట్టు తుడిచాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. గాజులు ఆమే తీసింది. తాళి ఆయన చొక్కా జేబులో వేసుకుని, నాకు జాగ్రత్తలు చెప్పి దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాడు. ఆ మసక కళ్ళకు మేమున్న పెట్టె ఏదో కూడా సరిగ్గా తెలిసి ఉండదు.

సూది దొరికింది, నీరు దిగింది, అమ్మ లేచి తిరిగింది. నాయన మాత్రం వచ్చి ఉండే వీలు లేదు, కడప దిక్కునుంచి బదిలీ మీద వచ్చినవాడెవడైనా గుర్తుపడితే అన్న ఉద్యోగానికే ముప్పు. అయినా మనసాగక ఒకటి రెండు మార్లు వచ్చాడు, అమ్మకు అన్ననని చెప్పుకుని. నేను నలుగురిలో ఆయన్ని మామా అని పిలవాలి. మా అన్నది అచ్చు నాయన ముఖం, మేనమామ పోలిక అని అందరూ ముచ్చటపడేవారు. ఎదురింటి సాయిబుగారి భార్య చాలా మంచి మనిషి, "చెల్లెలంటే శానా పాణం మీ మామకు, ఎంత దూరం నుంచి వచ్చినాడో సూడు" అని నాతో మెచ్చుకునేది. అమ్మ పొయ్యి దగ్గర తల వంచుకుని కూర్చునేది.

మరుసటి ఎండాకాలం రాజంపేట నుంచి కబురొచ్చింది, నాయన జ్వరమొచ్చి పోయాడని. ఆ సమయంలో ఆయన దగ్గర మాలో ఒక్కరమూ లేము. అన్న దొరికిన బండెక్కి పోయాడు, అమ్మకు ఆ ప్రయాణం పనికిరాదని ఆపేశాడు.

కాలనీ ఆడవాళ్ళు వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. మన సీమలో చావు ఏడుపు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, పోయినవాణ్ణి వరస పెట్టి పిలిచి ఏడవాలి, గుండెలో ఉన్నదంతా ఆ పిలుపుతోనే బయటికి రావాలి. అమ్మ నోరు తెరిచి, పిలవబోయి ఆగిపోయింది. ఎదురింటామె వీపు నిమురుతూ, "ఏడువమ్మా, తోడబుట్టినోడు పోతే ఏడ్సకుండా ఎట్లుంటావు" అంది. అప్పుడు అమ్మ "అన్నా" అని పిలిచి ఏడ్చింది. తాళి కట్టిన మనిషిని అన్నా, అన్నా అని పిలుస్తూ పొద్దుగూకేదాకా ఏడ్చింది. నాకు మామా అని ఏడవడం చేతకాక పెరట్లోకి పారిపోయాను.

మా మనవరాలి పని ఆ సాయంత్రానికే తేలిపోయింది, కాస్త ఎక్కువ కట్టాలట, అంతే. ఇప్పుడు అమ్మానాన్నల్నీ అవ్వల్నీ కూడా చేర్చుకోవచ్చునట, మొగుడు బతికున్నాడా లేడా అని అడిగేవాళ్ళు లేరట. మంచిదే, ఆ పిల్లకు ఆ బాధ లేనందుకు సంతోషమే. మా అమ్మ ఆ సూదితో ఇంకా కొన్నేళ్ళు బతికి నా పెళ్ళి కూడా చూసింది, అందరూ ఆ మందు చలవే అన్నారు. ఆ బతుకును తలుచుకుని సంతోషించడం మాత్రం నా వల్ల కాలేదు. ఉన్నన్నాళ్ళూ ఆమె మళ్ళీ నాయన ఊసెత్తలేదు. ఎత్తితే ఆయన్ను ఏమని అనాలో ఆమెకు తెలియలేదనుకుంటాను.